అల్లుడి కడుపు, కందూరు పంచాయితీ

పొట్టకు సంబంధించిన ఏ విషయంలోనైనా హైదరాబాద్ సర్జన్ చెప్పేది కింది కోర్టు తీర్పు మాత్రమే. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు దాని మీద అప్పీలు బంతి భోజనాల్లో నడుస్తుంది. బకెట్, గరిటె పట్టుకుని వచ్చే మనిషే ధర్మాసనం. వాదనలు వినరు, వాయిదాలు ఇవ్వరు. తీర్పు ఎప్పుడూ ఒకటే: "ఒక్క ముక్కకు ఏమైతది?"

ఆ ధర్మాసనం మీద నాకు గౌరవం ఉంది. ఎంబీబీఎస్, ఎంఎస్, ఆపైన లాపరోస్కోపీ శిక్షణ అంటూ సగం వయసు చదువులోనే గడిపిన డాక్టరుకు తెలియనిది, పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర పొగలో నిలబడ్డ మనిషికి తెలిసిందంటే మామూలు సంగతి కాదు. అందుకే నా కడుపులో ఉన్నదేమిటో బంధువులకు వివరించడం మానేసి మీకు చెప్తున్నాను. మీ చేతిలోనైతే బకెట్ లేదు.

ఉన్నది చిన్న వస్తువే, బరువు తగ్గడానికి వేయించుకున్న సిలికాన్ పట్టీ. అన్నవాహిక దిగగానే, కడుపు పైభాగం చుట్టూ బిగిస్తారు. పట్టీకి పైన చిన్న సంచి మిగులుతుంది. మొదట్లో అందులో పట్టేది ఒకటి రెండు పెద్ద చెంచాలు. అది నిండితే కడుపు నిండిందని మెదడుకు కబురు వెళ్తుంది. పట్టీ నుంచి ఒక సన్నని గొట్టం వచ్చి పొట్ట చర్మం కింద కుట్టిన బిళ్లకు కలుస్తుంది. దాన్ని పోర్టు అంటారు. పోర్టులోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. కడుపులో కోసి తీసేది ఏమీ ఉండదు. అమెరికాలో 2001లో దీనికి ప్రభుత్వ అనుమతి వచ్చింది. కొన్నేళ్లు బాగానే నడిచింది. పట్టీ కిందికి జారడం, కడుపు గోడను ఒరుసుకుని లోపలికి దిగడం, పోర్టు తిరగబడడం, వాటి కోసం మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కడం ఎక్కువయ్యాక జనం స్లీవ్ వైపు మళ్లారు. స్లీవ్ అంటే కడుపులో ముప్పావు వంతు కోసి తీసేయడం. పాత పట్టీలతో నాలాంటి వాళ్లం మిగిలాం.

మా మామ దీన్నంతా ఒక్క మాటలో తేల్చేశారు: "అంటే సైకిల్ ట్యూబే గదా అల్లుడా." అప్పటి నుంచి నేను పంతంగి టోల్‌గేటు దాటి హైదరాబాద్ వెళ్లొచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో పలకరింపు ఇదే: "గాలి కొట్టించుకొచ్చినవా?" గాలి సంగతి కూడా తమాషాగా ఏమీ ఉండదు. సెలైన్ ఎక్కువైతే నీళ్లు కూడా దిగవు, రాత్రి పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నుతాయి. తక్కువైతే పట్టీ ఉన్నా లేనట్టే. సరైన బిగువు ఎక్కడో మధ్యలో ఉంటుంది. డాక్టరు కొంచెం ఎక్కించి, ఓ గుక్క నీళ్లు తాగించి, మళ్లీ కొంచెం తీసి, దాన్ని వెతుకుతారు.

ఇక తినే పద్ధతి. ముద్ద చిన్నదిగా ఉండాలి, గుజ్జు అయ్యేదాకా నమలాలి. తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక కూడా అరగంట ఆగాలి. మెత్తటి బ్రెడ్డు, ముద్దకట్టే అన్నం, పీచు ఉన్న మాంసం ఇరుక్కుంటాయి. మన దావత్‌లో ఇందులో చివరి రెండే ఉండేవి. మొదటిది కూడా ఈ మధ్య డబల్ కా మీఠా వేషంలో వచ్చి చేరింది.

ఇప్పుడు కందూరు దగ్గరికి వద్దాం. పాలకీడు మండలంలో జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉంది. మా వైపు ఇంతమంది సైదులులు, సైదమ్మలు ఉండడానికి ఆ దర్గాయే కారణం. జనవరిలో ఉర్సు జరుగుతుంది. హిందువులు, ముస్లింలు అనే తేడా లేకుండా యాటను, అంటే మేకనో పొట్టేలునో, తీసుకెళ్లి, ఫాతెహా ఇప్పించి, అక్కడే వండి చుట్టాలకు పెడతారు. దాన్నే కందూరు అంటారు. మా అత్తమ్మ మొక్కుకుంది: "మా అల్లుని ఆపరేషన్ మంచిగైతే కందూరు చేస్త." ఆపరేషన్ మంచిగైంది. అంటే, మాంసం ఇక నాకు దిగదని ఖాయమైంది. ఆ సంతోషంలో యాటను కోశారు.

ట్రాక్టర్ నీడలో బంతి వేశారు. బగార అన్నం, ముక్కల కూర, బోటి, పచ్చిపులుసు. నేను ఇంటి నుంచి డబ్బాలో మెత్తటి పెసరపప్పు తెచ్చుకున్నాను. దావత్‌కు డబ్బా తెచ్చుకునే అల్లుడు ఇంటి పరువు తీస్తాడని మా వదిన దాన్ని ముందే స్వాధీనం చేసుకుని ఎక్కడో దాచింది.

బకెట్‌తో మా బామ్మర్ది వచ్చి నా ఇస్తరాకు ముందు ఆగాడు. వద్దన్నాను.

"వద్దంటే ఎట్ల బావా? నీ పేరు మీదనే గదా యాటను కోసింది."

అత్తమ్మ పరుగున వచ్చింది. "అల్లుడు ముట్టకపోతే నా మొక్కు తీరినట్టా, తీరనట్టా?"

అక్కడ ధర్మసందేహం పుట్టింది. తినేవాళ్లు తినడం ఆపారు. ఒక పెద్దాయన ఫాతెహా ఇచ్చిన ముజావర్‌ను అడిగి రమ్మని పిల్లవాణ్ని పంపాడు. తినలేని మనిషిని ఎందుకు సతాయిస్తున్నారని ముజావర్ అన్నాడట. "మన అల్లుని సంగతి ఆయనకేం ఎరుక" అని ఆ తీర్పును కూడా కొట్టేశారు. వైద్యశాస్త్రం, మతం రెండూ ఒకే బంతిలో ఓడిపోవడం నేను చూశాను.

తర్వాత ప్రత్యామ్నాయాల మీద చర్చ. ముక్క దిగదంటే నల్లి బొక్క పీల్చుకోవచ్చు గదా అని ఒకరు. బోటి నున్నగా ఉంటుంది, దానంతట అదే జారుతుందని ఇంకొకరు. మిక్సీ పట్టిస్తే సరి అని మా వదిన. చెట్ల కింద మిక్సీ ఎక్కడిది, ఉన్నా కరెంటు ఎక్కడిది అంటే, పక్క కందూరు వాళ్ల మైకు జనరేటర్ అడుగుదామని ఇద్దరు లేచారు. అప్పుడు మా మామకు అసలు ఆలోచన వచ్చింది. "గాలి తీస్తే దారి వెడల్పైతది గదా? మన ఆర్ఎంపీ ఇక్కడనే ఉన్నడు. తిన్నంక మళ్ల కొట్టించుకుంటడు." బంతి మొత్తం ఆర్ఎంపీ వైపు తిరిగింది. ఆయన నా పొట్ట వైపు ఒకసారి చూసి, లేచి వెళ్లి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. నాకు చెమటలు పట్టాయి. భోజనానికే కడుక్కున్నాడని తర్వాత తెలిసింది.

చివరికి బామ్మర్ది రాజీకి వచ్చాడు. "సరే బావా, ఉత్త అన్నమే తిను, జర షోర్వ పోస్త." పోశాడు. గరిటెడు బగార అన్నం, దాని మీద షోర్వ. అన్నం కింద మాత్రం ఒక ముక్కను పీచులు పీచులుగా చీరి దాచాడు.

కొన్ని ముద్దలు దిగాక ఛాతీ ఎముక వెనక నొప్పి బిగిసింది. నోట్లో నురగగా ఉమ్మి ఊరడం మొదలైంది. లోపల దారి మూసుకుపోతే ఉమ్మి కూడా దిగదు, పైకే వస్తుంది. లేచి ట్రాక్టర్ వెనక్కి పోయాను. చెంబులు పట్టుకుని బంతి కూడా నా వెనకే వచ్చింది. "నీళ్లు తాగు, దిగుతది." మూసుకున్న దారిలో పైనుంచి నీళ్లు పోస్తే ఏమవుతుందో, ఏడాదంతా మోరీల గురించే కొట్లాడే వార్డు మెంబరుకు కూడా తట్టలేదు. వీపు చరిచారు, నడినెత్తి మీద కొట్టారు. ఎట్టకేలకు ఆ పీచు వచ్చిన దారినే బయటికి వచ్చింది. అందరూ వంగి చూశారు.

"గింతేనా?" అన్నారు మా మామ, చాలా నిరాశగా.

దిష్టి అని అత్తమ్మ తేల్చింది. బామ్మర్ది మాత్రం శాస్త్రీయంగా ఆలోచించాడు. "చీరి ఏసిన గనుక అడ్డం పడ్డది. నిండు ముక్క ఏస్తే సక్కగ పోవు."

నేను తిరిగి వచ్చేసరికి పాత ఇస్తరాకు తీసేసి కొత్తది వేశారు. దాని నిండా ముక్కలు.

ఇంకో ఆరోపణ కూడా ఉంది, త్వరగా చెప్పేస్తాను. పట్టీ ఐస్‌క్రీంను ఆపదు. చెరుకు రసాన్ని, కల్లును, గులాబ్‌జాం పాకాన్ని ఆపదు. వాటి మీద పడితే పోయిన కిలోలు తిరిగొస్తాయని డాక్టర్లు మొదటి రోజే చెప్తారు. మావాళ్లు దాన్ని నా దొంగతనంగా కనిపెట్టారు. "ఐస్‌క్రీం దిగుతది, యాట దిగదు. నీ కడుపుకు యాట మీద ఏం పగ?"

ఇదంతా నవ్వుకుంటూ భరిస్తాను. నవ్వు రానిది ఒక్క మాట దగ్గర: "నోరు కట్టుకుంటే పోయేది గదా, లక్షలు పోసి కడుపు కట్టించుకునుడు ఎందుకు?" ముక్క పట్టుకుని నోటి దగ్గర నిలబడే మనిషే ఈ మాట కూడా అంటాడు, చాలాసార్లు ఒకే పూట. ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో తిరగమన్నారు, తిరిగాను. తేనె, నిమ్మరసం, ఉలవకట్టు, జొన్నరొట్టె, అన్నీ అయ్యాయి. బరువు తగ్గితే శరీరం చప్పట్లు కొట్టదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను పెరుగుతుంది, ఒంట్లో ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది, పాత బరువు దగ్గరికి లాక్కుపోయేదాకా అది ఊరుకోదు. ఇదంతా డాక్టర్ల సాకు అనుకుంటే బీమా కాగితం చూడండి. 2019లో నియంత్రణ సంస్థ పాలసీలన్నిటికీ ఒకే నిబంధన పెట్టింది. డాక్టరు సలహా ఉండి, బీఎంఐ (ఎత్తును బట్టి చూసే బరువు లెక్క) 40 గానీ అంతకు మించి గానీ ఉన్నా, లేదా 35 గానీ అంతకు మించి గానీ ఉండి, అదుపులో లేని షుగరో, గుండెజబ్బో, నిద్రలో ఊపిరి ఆగే జబ్బో తీవ్రంగా ఉండి, మామూలు పద్ధతులు పనిచేయకపోయినా, ఈ ఆపరేషన్‌ను మినహాయింపుల్లో పడేయకూడదు. క్లెయిమ్ ఇవ్వకుండా ఉండేందుకు సంతకంలో వంకర కూడా వెతికే కంపెనీలు ఒప్పుకున్నాయి. మా మేనత్త ఒప్పుకోలేదు.

మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో బోరు నీళ్ల ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయిన మనుషుల్ని తరతరాలుగా చూశాం. వాళ్లలో ఎవరినైనా "జర నిటారుగ నిలబడితే పోయేది గదా" అని అన్నామా? అంటే చెప్పు తీసుకుని కొడతారు, కొట్టాలి కూడా. లావు మనిషిని మాత్రం ఎవరైనా అనొచ్చు. ఇప్పుడు బరువు తగ్గడానికి వారానికో సూది వచ్చింది. 2025లో మౌంజారో మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పటి నుంచి నాకు కొత్త పాట వినిపిస్తున్నారు: "జర ఆగితే సూదితోనే పోవు, తొందరపడ్డవు." సూది వేయించుకున్నవాళ్లను ఏమంటున్నారో కూడా విన్నాను. నోరు కట్టుకుంటే పోయేది గదా అని.

ఆ బంతిలోనే నాకు ఎదురుగా బామ్మర్ది బిడ్డ కూర్చుంది. ఇంటర్ రెండో ఏడు. కొంచెం బొద్దుగా ఉంటుంది. ఆ వరసకు బకెట్ పట్టింది మా పెద్ద తోడల్లుడు. ఆయన పొట్ట ఆయన కంటే ముందు నడుస్తుంది. నా ముందు కదలనని మొండికేసిన బకెట్ ఆ పిల్ల ముందు ఆగలేదు. "మామా, నాకు" అని ఇస్తరాకు ముందుకు జరిపింది. "నీకెందుకు బిడ్డా, రేపు సంబంధాలు చూడొద్దా" అని దాటిపోయాడు. బంతి నవ్వింది. దాని నాయన కూడా నవ్వాడు. ఆ పిల్ల కూడా నవ్వింది, నవ్వకపోతే "గింతదానికే అలుగుతవా" అని ఇంకోటి పడుతుందని దానికి తెలుసు.

సిగ్గుండాలి. తినలేని వాడి ఆకులో అన్నం కింద దొంగచాటుగా ముక్క దాచే చేతులు, ఆకలితో ఆకు చాపిన పిల్ల ముందు బిగుసుకుపోతాయి. అందరి ముందు తినడం మానేసి, ఇల్లు సద్దుమణిగాక వంటింట్లో చీకట్లో తినడం ఎక్కడ మొదలవుతుందనుకుంటున్నారు? ఇక్కడే, ఈ నవ్వుల్లోనే. ఆ వయసులో నేనూ ఈ మాటలు పడ్డాను, ఆ చీకటి వంటిల్లు నాకు తెలుసు. మీరు నవ్వి అంటించిన దానికి తర్వాత అప్పు చేసి పట్టీ వేయించుకోవాలి. వేయించుకున్నాక ఆ పట్టీ మీద కూడా మీరే నవ్వుతారు. మీ దావతులకు ఒక దండం.

ముక్కలు నింపి పెట్టిన ఆ కొత్త ఇస్తరాకును ఎత్తి ఆ పిల్ల ముందు పెట్టాను. పెద్ద గొడవైంది. అల్లునికి పెట్టిన ఆకు ఎత్తి ఇంకొకరికి ఇచ్చుడేందని మామ, ఆడపిల్లను చెడగొడుతున్నానని వదిన. పిల్ల తల వంచుకుని తినసాగింది. పక్కనే నిలబడ్డ అత్తమ్మ ఆగలేక అంది, "ఒక్క ముక్క చాలు బిడ్డా." నా విషయంలో కనీస పరిమితిగా ఉన్నదే దానికి గరిష్ఠ పరిమితి అయింది.

వచ్చే లగ్గాల్లో మిర్యాలగూడలో పెళ్లి ఉంది. బియ్యం మిల్లుల ఊరు, అన్నానికి కొదవ ఉండదు. ఆ పిల్లను పక్కనే కూర్చోబెట్టుకుంటానని, బకెట్ దాని ముందు ఆగకపోతే కాలు అడ్డం పెడతానని బామ్మర్దికి ఇప్పుడే చెప్పేశాను. వాడు కాసేపు ఆలోచించాడు.

"సరే బావా, దాని సంగతి నేను చూస్త. కని ఆ పెండ్లిల సాగర్ చేపలు గూడ ఉన్నయట. చేప మెత్తగుంటది, నీకు దిగుతదేమో."

చేప నాకు నిజంగానే దిగుతుంది. ఆ సంగతి వాడికి చెప్పలేదు, చెప్పను.