ఆదివారం కడుగుడు గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ ఆదివారం కడుగుడు గారికి,

పెరట్లో చేపల తొట్టి కట్టుకున్నవాళ్లం నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాయబోతే చెయ్యి ఆడలేదు. తమరంటే తొట్టి నీళ్లను శుభ్రం చేసే డ్రమ్మును ఆదివారం ఆదివారం తోమిపారేసే అలవాటే కదా, తమరు వచ్చి వెళ్లిన రెండు మూడు రోజులకు కుశలం మీ ఒక్కరి పక్షానే మిగులుతోంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి.

మీ నిష్ఠకు వంక పెట్టలేం. డ్రమ్ము మూత తీస్తారు, లోపల గోధుమరంగు పాకుడు కనబడుతుంది, "ఛీ" అంటారు. కుళాయి పైపు, బ్రష్షు, ఇంకా మనసొప్పకపోతే గుప్పెడు బ్లీచింగు. అరగంటలో అంతా తళతళ.

అయ్యా, ఆ పాకుడే ఫిల్టరు. డ్రమ్ము దాని అద్దె కొంప మాత్రమే. చేపలు మొప్పల గుండా అమ్మోనియా వదులుతాయి, మిగిలిపోయిన మేత కుళ్లినా వచ్చేది అదే. పాకుడులోని ఒక జాతి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో జాతి దాన్ని నైట్రేట్ చేస్తుంది, దాన్ని చేపలు చాలావరకు ఓర్చుకుంటాయి. ఈ రెండు జాతులూ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పైగా మన ఎండలు. నీళ్లు 30 డిగ్రీల దగ్గర, పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారాల కొలత) 7 ఉంటే కొలతలో తేలిన అమ్మోనియాలో చేపను చంపే రూపం ఒక శాతం లోపే. పీహెచ్ 8.5కి ఎక్కితే అదే 20 శాతం. తొట్టి పచ్చబడితే మధ్యాహ్నం వేళ నాచు కార్బన్ డయాక్సైడును లాగేసుకుని పీహెచ్‌ను అంతవరకూ తోయగలదు. పొద్దున బాగున్న చేప సాయంత్రానికి తేలిందంటే దిష్టి తగిలిందని నిమ్మకాయ కడతారు గానీ, మీ పేరు ఎవరూ ఎత్తరు.

ఇంతకీ మీరు కడుగుతున్నదేమిటో ఎప్పుడైనా చూశారా? ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు తొట్టి అంటే 100 ఘనపుటడుగులు, సుమారు 2,830 లీటర్లు. రెండు గంటలకోసారి నీళ్లన్నీ డ్రమ్ములోంచి తిరగాలంటే గంటకు 1,400 లీటర్లు పారాలి. పంపు అట్టపెట్టె మీది అంకె నీళ్లను పైకి ఎత్తకుండా కొలిచింది. నాలుగడుగులు ఎక్కించేసరికి అది సగానికి దిగినా ఆశ్చర్యం లేదు, అందుకని గంటకు 3,000 లీటర్లని రాసున్నది కొనాలి. 40 వాట్లది రోజంతా తిరిగితే ఒక యూనిట్‌లోపే. రాత్రిళ్లు ఆపేయమనే సలహా మీ తమ్ముడు పొదుపు గారిది. ఆయనతో వేరే మాట్లాడతాం.

డ్రమ్ము 200 లీటర్ల నీలిరంగుది, యాసిడ్డో పురుగుమందో మోయనిది అయ్యుండాలి. పంపు నుంచి వచ్చే అంగుళం పైపు పక్కనుంచి కాదు, పైనుంచి లోపలికి దిగి, అడుగుకు జానెడు ఎత్తులో ఆగాలి. చివర ఎల్బోను, అంటే పైపు వంపు ముక్కను, డ్రమ్ము గోడ వారకు తిప్పితే నీళ్లు నెమ్మదిగా సుడి తిరిగి, మట్టి కింద కూర్చుంటుంది. అదే పైపుకు డ్రమ్ములో నీటిమట్టం కన్నా పైన 5 మిల్లీమీటర్ల చిల్లు ఒకటి పెట్టాలి. అది లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా డ్రమ్ములో నీళ్లు, కూర్చున్న మట్టితో సహా, పంపు గుండా తొట్టిలోకి తిరుగుముఖం పడతాయి. మట్టి వదిలేందుకు అడుగున ఒకటిన్నర అంగుళం బాల్ వాల్వ్. పైన బయటికి పోయే పైపు రెండంగుళాలకు తగ్గకూడదు, ఎందుకంటే లోపలికి తోసేది పంపు, బయటికి పంపేది వట్టి వాలు. రెండూ ఒకే సైజు పెడితే డ్రమ్ము పొంగి తొట్టి ఎండుతుంది. అందుకే పంపును తొట్టిలో ఇటుకల మీద అడుగెత్తున కూర్చోబెట్టేది, ఎక్కడ పైపు ఊడినా చేపలకు అడుగు నీళ్లన్నా మిగలాలని. డ్రమ్ము వంపు మీద ట్యాంక్ నిపుల్ (పైపును డ్రమ్ముకు బిగించే మర ముక్క) కారుతుంటే మరీ బిగించొద్దు, లోపలి వైపు ఇంకో మందపాటి రబ్బరు వాషర్ వేస్తే సరి.

నీళ్లు కిందనుంచి పైకి పోతాయి కనుక, బోర్లించిన ప్లాస్టిక్ బుట్ట మీద మొదట ముతక ఫోము, ఆపైన ప్లాస్టిక్ స్క్రబ్బర్లు, అంగుళం చొప్పున కోసిన కరెంటు పైపు ముక్కలు, పాత వలలు. కంకర వద్దు. బరువు, పూడిక, కొన్నాళ్లకు గాలాడని మూలల్లోంచి కుళ్లిన గుడ్ల కంపు. పాలరాతి ముక్కలు పీహెచ్‌ను ఇంకా ఎక్కిస్తాయి. రాగి, ఇత్తడి సామాను లోపల పెట్టేవాళ్లకు చేపల మీద పగేదో ఉండాలి.

కాబట్టి మీ రాకను బొత్తిగా వద్దనడం లేదు. వారానికోసారి బాల్ వాల్వ్ అర నిమిషం తిప్పండి, ఆ నల్లటి నీళ్లు అరటికీ కరివేపాకుకూ పోయండి. ధార సన్నబడినప్పుడు ఫోము ఒక్కటి తీసి, బకెట్లో పట్టిన తొట్టి నీళ్లలోనే పిండండి. స్క్రబ్బర్లు నెలల తరబడి ముట్టుకోనక్కర్లేదు, ముట్టుకుంటే ఒకసారికి సగమే. కరెంటు గంటల తరబడి పోయి వస్తే పంపు వేయకముందే డ్రమ్ము కింద నుంచి ఖాళీ చేయాలి. లోపల నిలిచి కుళ్లిన నీళ్లు తొట్టిలోకి దిగకూడదు. ఇక నీళ్లు పచ్చగా ఉన్నాయని డ్రమ్ము తోమడం అత్త మీద కోపం దుత్త మీద చూపడమే. నీళ్లలో తేలే ఆ నాచు ఫోముకు చిక్కేంత పెద్దది కాదు. పైన షేడ్ నెట్ కట్టండి, లేదంటే యూవీ దీపం పెట్టించండి.

మీరు ఇప్పటికే కడిగేసి ఉంటే దానికో శాంతి ఉంది. రెండు రోజులు మేత బంద్, రోజూ పావు వంతు నీళ్ల మార్పు, లీటరుకు గ్రాము లెక్కన పై కొలతల తొట్టికి మూడు కిలోల కల్లుప్పు. ఉప్పు నైట్రైట్ దెబ్బ కాస్తుంది, అమ్మోనియాకు పనికిరాదు. నీళ్లు మార్చిన మేరకే ఉప్పు మళ్లీ కలపాలి.

ఇట్లు
తొట్టివాళ్లు

తా.క. కొత్త నీళ్లు మున్సిపాలిటీవైతే ఒక రోజు మూతలేని డ్రమ్ములో, గాలి బుడగలు వదిలే గాలిరాయి ఆడిస్తూ ఉంచాకే పోయాలి. మీకు చేతులు ఊరుకోకపోతే మేడ మీద మంచినీళ్ల ట్యాంకు ఉంది. తమరు అటువైపు వెళ్లిన దాఖలాలు లేవు. దాన్ని మాత్రం బ్లీచింగు వేసి కసితీరా తోమండి, ఆ కడిగిన నీళ్ల పైపు తొట్టి వైపు తిప్పకుండా.