వాక్యూమ్‌ని తిట్టడం ఆపి రాగిని చూడండి

కణాలకు వేగం పెంచే యాక్సిలరేటర్‌లో బ్రేక్‌డౌన్ (గాలి తీసేసిన రాగి గొట్టంలో రవ్వ లేచి ఆర్క్ మండడం) అయిందనగానే "వాక్యూమ్ సరిగ్గా లేదేమో, లోపల దుమ్ముందేమో" అనేస్తారు. దుమ్ము, జిడ్డు ఉంటే రవ్వలు లేస్తాయి, నిజమే. కానీ ఎంత కడిగినా, ఎంత మంచి వాక్యూమ్ ఉన్నా బ్రేక్‌డౌన్లు పూర్తిగా ఆగవు. గాలే లేని చోట ఆర్క్ దేన్ని పట్టుకుని మండుతోంది? గోడలోని రాగినే.

కణాలను తోసే తీవ్రమైన విద్యుత్ క్షేత్రం రాగి మీది ఏదో ఒక చిన్న మొన దగ్గర పదుల రెట్లు పెరుగుతుంది. అక్కడి నుంచి ఎలక్ట్రాన్లు టన్నెలింగ్‌తో, అంటే మామూలుగా దాటలేని శక్తి అడ్డును క్వాంటమ్ పద్ధతిలో దాటుకుని, బయటికొస్తాయి. ఇది భౌతిక శాస్త్రవేత్తలు ఫౌలర్, నార్డ్‌హైమ్ 1928లోనే లెక్క కట్టిన సంగతి. ఆ కరెంటుకి మొన వేడెక్కి రాగి పరమాణువులు ఊడిపోతాయి, అవి అయాన్లై తిరిగి గోడనే కొడతాయి, ఇంకా రాగి లేస్తుంది. చివరికి ప్లాస్మా (అయాన్లు, ఎలక్ట్రాన్లు కలిసిన వేడి వాయువు), ఉపరితలం మీద ఒక గుంట. ఇందులో పెద్దగా పేచీ లేదు.

అసలు పేచీ ఆ మొన గురించే. నున్నగా చేసిన రాగిని బ్రేక్‌డౌన్‌కి ముందు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే, కరెంటు లెక్క ప్రకారం ఉండాల్సినంత పొడవైన మొనలు కనబడవు. మరి ఎక్కడి నుంచి వస్తున్నాయి? హెల్సింకి, జెరూసలేం పరిశోధకులు చెప్పేది నాకు బాగా నచ్చింది: క్షేత్రం ఉపరితలాన్ని బయటికి లాగుతుంటే లోపల స్ఫటికంలోని డిస్‌లొకేషన్లు (పరమాణువుల వరుస తప్పిన చోట్లు) కదిలి, ఒకచోట పోగై, పైకి పొడుచుకొస్తాయి. మెత్తబరిచిన రాగి కంటే గట్టి రాగి ఎక్కువ క్షేత్రాన్ని తట్టుకోవడం దీనికి సరిపోతుంది. అమెరికాలో 45 కెల్విన్‌కి చల్లార్చిన రాగి, ఉపరితలం మీద మీటరుకు దాదాపు 500 మెగావోల్టుల దాకా తట్టుకుంది. చలికి రాగి నిరోధం తగ్గి వేడెక్కడమూ తగ్గుతుంది కాబట్టి ఘనతంతా డిస్‌లొకేషన్లకే ఇవ్వలేం. అయినా దుమ్ము కథతో మాత్రం ఇది అర్థం కాదు.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటి ఉంది. "ఇన్ని మెగావోల్టులు సాధించాం" అని అంకె ఒక్కటే ప్రకటించడం. బ్రేక్‌డౌన్ రేటు క్షేత్రానికి సుమారు 30వ ఘాతంలో పెరుగుతుంది. అంటే క్షేత్రం 10 శాతం పెంచితే బ్రేక్‌డౌన్లు 17 రెట్లు! యూరప్ కణభౌతిక ప్రయోగశాల సెర్న్‌లో రూపొందించిన క్లిక్ అనే యాక్సిలరేటర్ డిజైన్ మీటరుకు 100 మెగావోల్టులతో పాటు, ఒక్కో పల్స్‌కి (గొట్టంలోకి ఒక్కసారి పంపే మైక్రోవేవ్ శక్తికి), ఒక్కో మీటరుకి బ్రేక్‌డౌన్ అవకాశం కోటికి మూడు దాటకూడదని కూడా రాసుకుంది. అంత తక్కువున్నా, కిలోమీటర్ల పొడవున్న యంత్రంలో నూటికి ఒక పల్స్ దాకా పోవచ్చు. అందుకే పల్స్ పొడవు, బ్రేక్‌డౌన్ రేటు చెప్పని గ్రేడియంట్ (మీటరుకు ఇన్ని మెగావోల్టులు అనే) అంకెను ఎవరు పోస్ట్ చేసినా ఆ రెండూ అడగండి. పరీక్ష అయ్యాక ఆ రాగిని కోసి లోపల చూశారా అని కూడా అడగండి.