దుర్మతి నామ సంవత్సరపు బ్యాంకు ఖాతా

మా బాబాయి ఇంగ్లండులోని లెస్టర్‌లో ముప్పై ఏళ్ళు బస్సు నడిపి, 2012లో కాకినాడ వచ్చి స్థిరపడ్డాడు. బ్రిటిష్ ప్రభుత్వ పింఛను వారానికి 107 పౌండ్ల 45 పెన్నీలు. ఆనాడు ఎంతో ఈనాడూ అంతే. అక్కడే ఉండిపోయినవాళ్ళకు ఏటా పెంచుతారు. భారతదేశం వచ్చేసినవాళ్ళకు పెంచరు. “స్టాపు కాని చోట బస్సు ఆపేశారురా” అని బాబాయి ఏళ్ళుగా వాపోతున్నాడు.

2024 నవంబరులో ఆదాయపు పన్ను శాఖ నుంచి ఆయన ఫోనుకు ఒక సందేశం వచ్చింది. మీకు విదేశంలో ఖాతా ఉన్నట్టు సమాచారం ఉంది, రిటర్ను ఒకసారి సరిచూసుకోండి అని. దేశాలు బ్యాంకు ఖాతాల వివరాలను తమలో తాము చెప్పుకుంటాయన్న సంగతి బాబాయికి కొత్త. “నా ఖాతా గురించి నాకు చెప్పకుండా వాళ్ళూ వాళ్ళూ మాట్లాడుకోవడమేమిటి?” అంటూ నన్ను పిలిపించాడు.

అప్పటిదాకా ఆయన వేసిన రిటర్నులన్నీ సహజ్ అనే సులువైన ఫారంలోనే. అందులో కాకినాడ డిపాజిట్ల మీద వడ్డీ తప్ప మరేమీ లేదు. పింఛను ఏమైందని అడిగాను.

“రెండు దేశాలకీ పన్నుల ఒప్పందం ఉంది కదరా! అందుకే రెండు చోట్లా కట్టలేదు.”

ఒప్పందం ఉన్న మాట నిజమే. దాని ప్రకారం ఆ పింఛను మీద పన్ను హక్కు మనిషి నివసించే దేశానిది. అంటే మనదే. ఆ ముక్క చెప్పేసరికి ఆయన ముఖంలో ఒప్పందం మీద ఉన్న గౌరవమంతా ఆవిరైపోయింది. పైగా విదేశీ ఖాతాలు చూపకపోతే వర్తించే 2015 నాటి చట్టం పేరులో నల్లధనం ఉందని ఆడిటర్ గారు నోరు జారారు. “తెల్లవారుజామున మూడింటికి లేచి మంచులో బస్సు తీశాను. అది నల్లధనమా?” అని బాబాయి పడక్కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చిన్న ఖాతాలకు, మొత్తం 20 లక్షల లోపైతే, 10 లక్షల జరిమానా 2024 అక్టోబరు నుంచి ఎత్తేశారని చెబితే గానీ మళ్ళీ కూర్చోలేదు. జరిమానా లేకపోయినా వివరాలు మాత్రం రాయాలి. రాయాలంటే సహజ్ పనికిరాదు, రెండో నంబరు ఫారం కావాలి. అసహజం అక్కడ మొదలైంది.

పింఛను నాలుగు వారాలకోసారి వస్తుంది. ఏడాదికి పదమూడు సార్లు. పదమూడో నెల ఎక్కడిదని ఆడిటర్ గారు అడిగారు. మన పన్ను సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది, బ్రిటన్‌ది ఏప్రిల్ 6న. విదేశీ ఖాతా వివరాలకు మాత్రం మన ఫారమే జనవరి నుంచి డిసెంబరు లెక్క అడుగుతుంది. పౌండ్లను రూపాయలుగా మార్చడానికి స్టేట్ బ్యాంకు కొనుగోలు రేటు తీసుకోవాలి. 2012లో 90 లోపున్న పౌండు ఇప్పుడు 100 దాటింది. ఒక్క పెన్నీ పెరగని పింఛను ఫారంలోకి దిగేసరికి చక్కగా పెరిగి కూర్చుంది. బాబాయి ఆ అంకెను చాలాసేపు చూసి, “ఇదేదో వాళ్ళకు చూపించు, సిగ్గుపడతారు” అన్నాడు.

అన్నీ నింపాక ఒక్క గడి మిగిలింది: ఖాతా తెరిచిన తేదీ. పాసుపుస్తకం లేదు. ఖాతా తెరిచిన శాఖనే మూసేశారు. ఆ రోజు వాన పడిందని బాబాయి సాక్ష్యం చెప్పాడు. ఇంగ్లండులో అదొక ఆనవాలా!

వంటింట్లోంచి పిన్ని అంది, “దుర్మతి నామ సంవత్సరం, కార్తీక శుద్ధ విదియ.”

మేమిద్దరం తలలు తిప్పాం.

“నేను వెళ్ళిన మొదటి ఏడు. ఇంకో రెండు రోజుల్లో నాగుల చవితి, ఈ ఊళ్ళో పుట్ట ఎక్కడ వెతకను అని ఏడుస్తుంటే, ‘ముందు బ్యాంకులో సంతకం పెట్టు’ అని లాక్కెళ్ళారు. చివరికి పార్కులో పూలమొక్కల మొదట్లో పాలు పోశాను. తోటమాలి కేకలేశాడు.”

దుర్మతి అంటే 1981. పాత పంచాంగం వెతికి, విదియను అక్టోబరులోకి దించి, గడిలో పెట్టాను. ఫారం కిమ్మనకుండా ఒప్పుకుంది. అంతా కలిపితే ఆదాయం 7 లక్షలు దాటలేదు. కొత్త పన్ను విధానంలో ఆ ఏడాది కట్టాల్సింది సున్నా. ఈ సున్నా కోసమా ఇంత గొడవ అని బాబాయి నీరసపడ్డాడు గానీ, ఆడిటర్ గారి ఫీజు సున్నా కాదని నేనప్పుడే చెప్పలేదు.

సవరించిన రిటర్ను పంపించి కాఫీ తాగుతుండగా పిన్ని ఇనపపెట్టెలోంచి ఓ కవరు తెచ్చి నా ముందు పెట్టింది. లోపల బ్రిటిష్ ప్రభుత్వ ప్రీమియం బాండు, ఆవిడ పేరు మీద. దీనికి వడ్డీ రాదు, నెలనెలా లాటరీ తీసి బహుమతులిస్తారు.

“తగిలిందో లేదో ఎప్పుడూ చూడలేదు నాన్నా. ఇది కూడా రాయాలేమో అని...”

బాబాయి చేతిలో కప్పు ఆగిపోయింది. “పన్నులవాళ్ళ కంటే ముందు నాకు చెప్పాలి కదే!”

“మీరెప్పుడైనా అడిగారా? ఆ ఫారమే నయం, గడి పెట్టి మరీ అడిగింది.”