డబ్బా ఏదమ్మా అని అడిగారు డాక్టరు

రాత్రి పదకొండింటికి టవల్‌లో చుట్టిన పిల్లిని బల్ల మీద పెడితే, ఆయన అడిగిన మొదటి మాట అది. నా దగ్గర డబ్బా లేదు. కొన్నప్పుడే లేదు.

మా వీధి చివర పెట్ షాపులో పిడుదుల మందు అడిగితే, కౌంటర్ మీదున్న ప్లాస్టిక్ సీసాలోంచి, పిల్లలకి చాక్లెట్లు తీసిచ్చినట్టు, రెండు పిపెట్లు (మందు నింపిన చిన్న ప్లాస్టిక్ గొట్టాలు) తీసిచ్చాడు. "కుక్కకైనా పిల్లికైనా ఇదే మేడమ్, మెడ వెనక వేసేయండి." ఒకటి కుక్కకి వేశాను, బాగానే ఉంది. రెండోది పిల్లికి వేశాను. మధ్యాహ్నం వేస్తే సాయంత్రానికి చెవులు అదరడం మొదలైంది. తర్వాత మీసాలు. తర్వాత నాలుగు కాళ్లూ, ఎవరో లోపలి నుంచి తీగ పట్టి లాగుతున్నట్టు. పాల గిన్నె ముందు పెడితే తల ఊగిపోయి నాలుక గిన్నె దాకా పోవడం లేదు. చలేమో అనుకుని దుప్పటి కప్పాను చూడండి, అదీ నా తెలివి.

అందులో ఉన్నది పెర్మెత్రిన్ అనే పురుగుల మందు. కుక్కలు తట్టుకుంటాయి. పిల్లి లివర్‌కి దాన్ని అరిగించుకునే శక్తి లేదు, నరాల మీద పడుతుంది. డాక్టరు గారూ, ఆయన దగ్గర పనిచేసే అబ్బాయీ కలిసి గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, గోరువెచ్చటి నీళ్లలో పిల్లిని కడిగారు. ఇంజెక్షన్లు, రెండు రాత్రులు సెలైన్. బతికింది. తర్వాత ఆ మందు డబ్బా ఎలా ఉంటుందో ఫోన్‌లో వెతికి చూశాను. పిల్లి బొమ్మ, దాని మీద అడ్డంగా గీత. అక్షరం ముక్క రానివాళ్లకి కూడా అర్థమవుతుంది. నా చేతికొచ్చిన పిపెట్ మీద మాత్రం కంటికి ఆనని అక్షరాల్లో మందు పేరు తప్ప ఇంకేం లేదు.

"అందుకే బయట కొనకూడదు, క్లినిక్‌లోనే తీసుకోవాలి" అని కామెంట్ పెట్టబోతున్నవాళ్లు కాస్త ఆగండి. క్లినిక్‌ల సంగతీ ఉంది.

రెండేళ్ల కిందట మా కుక్కకి టిక్ ఫీవర్ వచ్చింది. పిడుదు కుడితే వచ్చేదే. ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కులోంచి రక్తం కారింది. అప్పుడు వెళ్లింది వేరే క్లినిక్. తెల్ల కాగితం కవర్లో మాత్రలు పోసి, పైన పెన్నుతో "పొద్దున 1, రాత్రి 1" అని రాసిచ్చారు. మందు పేరు లేదు, ఎక్స్‌పైరీ లేదు. పేరు రాసివ్వండి సార్ అంటే "బయట దొరకదమ్మా" అన్నారు. బిల్లు చూసి ఇంకో డాక్టరు దగ్గరికి వెళితే ఆయన చీటీ మీద రాసింది డాక్సీసైక్లిన్, 28 రోజులు. మనుషులకిచ్చేదే! జన ఔషధిలో కూడా దొరికింది, మొదటి బిల్లులో నాలుగో వంతు కూడా కాలేదు. పైగా అన్నం పెట్టాకే వెయ్యాలని, వెనకాలే నీళ్లు పట్టాలని, లేకపోతే గొంతులో అతుక్కుని పుండు పడుతుందని ఆయన చెప్పారు. తెల్ల కవరు చెప్పలేదు.

అదీ నా కడుపుమంట. షాపువాడు డబ్బా లేకుండా అమ్ముతాడు, క్లినిక్‌వాళ్లు పేరు లేకుండా అమ్ముతారు. డాక్టరు బరువు చూసి, చీటీ రాసి, సంతకం పెట్టి ఇస్తే నేను మెడికల్ షాపులో కొంటానో, ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటానో, మళ్లీ ఆయన దగ్గరే కొంటానో నా ఇష్టం. చూసినందుకు ఫీజు పెంచండి సార్, ఇస్తాను. మాత్రల్లో దాచి తీసుకోకండి.

అలాగని "మనుషుల మందే కదా" అని ఇంట్లో మందుల డబ్బా తెరిచేవాళ్లకి దండం. ఒక్క 500 మి.గ్రా. పారాసెటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. పశువులకి డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు వాడకూడదని 2006లో నిషేధించాక కూడా మనుషుల పెద్ద సీసాలు కొనుక్కెళ్లి గేదెలకి పొడిచారు. ఆ కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై రాలిపోయాయి. చివరికి 2015లో మనుషుల ఇంజెక్షన్‌నే 3 మి.లీ. సీసాకి కుదించాల్సి వచ్చింది. చిన్నప్పుడు ఊరి బయట గుంపులుగా చూసిన పక్షి ఇప్పుడు కనబడటమే గగనమైంది.

వాక్సిన్ల గురించి రాస్తే ఇంకో పోస్టవుతుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన రేబిస్ వాక్సిన్‌ని కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లోంచి తీసి షాపువాడే పొడుస్తున్నాడు. మీ కుక్క టీకాల పుస్తకంలో వాక్సిన్ సీసా స్టిక్కర్ అంటించి ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

ఇంకోటి, పిడుదుల మందు పనిచేయలేదని వారానికే మళ్లీ వేసేవాళ్లున్నారు. రక్తం తాగి ఉబ్బిన పిడుదు కుక్క మీంచి దిగి గోడ పగుళ్లలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. గోడ వదిలేసి కుక్క మీదే మందు గుమ్మరిస్తే కుక్కే పోతుంది.

మొన్న ఆ షాపుకే వెళ్లాను, జరిగింది చెబుదామని. అంతా విని "ఇంతవరకు ఎవరూ కంప్లైంట్ చేయలేదు మేడమ్" అన్నాడు. నేనింకా అక్కడే ఉండగా ఒక కుర్రాడొచ్చి పిడుదుల మందు అడిగాడు. అదే సీసా, మళ్లీ చెయ్యి లోపలికి పోయింది. ఏ జంతువు, ఎంత బరువు, ఒక్క మాట లేదు. నేనే అడిగాను.

"పొమరేనియన్ అక్కా. నాలుగు కిలోలుంటది."

పిపెట్ తీసుకుని కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. ఈసారి ఫిప్రోనిల్ అనే ఇంకో పిడుదుల మందు, 2.68 మి.లీ. అది 20 నుంచి 40 కిలోల కుక్కకి.