హెచ్చుపాటదారుకు జరిగిన అన్యాయం

రోమన్ చరిత్రను రాసినవారందరూ కలిసి ఒక పెద్దమనిషి పట్ల ఘోరమైన అన్యాయానికి పాల్పడ్డారని, 1,800 ఏళ్ళు ఆలస్యంగానైనా దానిని సరిదిద్దవలసిన బాధ్యత పాలనలో పారదర్శకతను కోరుకునే వారందరి మీదా ఉన్నదని ఈ వ్యాసకర్త దృఢాభిప్రాయం. ఆ పెద్దమనిషి పేరు డిడియస్ జూలియానస్. క్రీ.శ. 193 మార్చి 28న ఆయన రోమన్ సామ్రాజ్యాన్ని బహిరంగ వేలంలో, పదిమందీ వింటూ ఉండగా, హెచ్చుపాటకు దక్కించుకున్నాడు. 66 రోజులు ఏలాడు. ఆ తరువాత ప్రాణం పోయింది. ప్రాణం పోవడం రోమన్ చక్రవర్తులకు ఉద్యోగ ధర్మంలో భాగమే గనుక దాని మీద మనకు ఫిర్యాదు లేదు. పరువు పోవడం మీదనే ఉంది.

వేలం ఎందుకు జరిగిందో ముందుగా చెప్పుకోవాలి. 192 డిసెంబరు 31న కొమోడస్ చక్రవర్తిని సొంత మనుషులే గొంతు పిసికించి చంపించాక పెర్టినాక్స్ గద్దెనెక్కాడు. ఈయన బానిసత్వం నుంచి విడుదలైన ఒకరి కొడుకు. ఒకప్పుడు వ్యాకరణం చెప్పుకుని బతికి, తరువాత సైన్యంలో చేరి అంచెలంచెలుగా ఎదిగినవాడు. ఖజానా అడుగంటి ఉండడం చూసి, కొమోడస్ పోగుచేసుకున్న పట్టుబట్టలూ రథాలూ బానిసలతో సహా అన్నిటినీ అమ్మకానికి పెట్టాడు. చక్రవర్తికి అంగరక్షకులైన ప్రిటోరియన్ సైనికులకు తలా 12,000 సెస్టర్సులకు (రోమన్ నాణేలు) ఒప్పుకుని, వెనుకటి చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ ఇచ్చినంతే తానూ ఇచ్చానని సెనేటులో చెప్పుకున్నాడు. మార్కస్ ఇచ్చింది 20,000 అన్న సంగతి ఆ సభలోనే నిలబడి ఉన్న సైనికులకు బాగా తెలుసు. వ్యాకరణం చెప్పినవాడు లెక్కల్లో తడబడవచ్చు గాని, సైనికుడు ఆ ఒక్క పద్దులో తడబడడు. గద్దెనెక్కిన 87వ రోజున సుమారు 200 మంది కత్తులు దూసి రాజభవనంలోకి వచ్చి, ఆయన తలను ఈటెకు గుచ్చి తమ శిబిరానికి పట్టుకుపోయారు.

ఆ శిబిరంలో అప్పటికే సల్పిషియానస్ ఉన్నాడు. ఆయన నగరపాలకుడు, పైగా పెర్టినాక్స్‌కు పిల్లనిచ్చిన మామ. సైనికులను బుజ్జగించడానికి అల్లుడే ఆయనను పంపాడు. అల్లుడి హత్య జరిగిపోయాక, ఏ సైనికులను బుజ్జగించడానికి వచ్చాడో వారితోనే, ఆ గద్దె తనకు ఎంతకు ఇస్తారని బేరానికి దిగాడు. ఈలోగా జూలియానస్ కూడా కబురు తెలుసుకుని శిబిరం ద్వారం దగ్గరికి చేరుకున్నాడు. భోజనం దగ్గర నుంచి భార్యా కూతురూ లేపి మరీ పంపారని ఒక చరిత్రకారుడు రాశాడు. కుటుంబ ప్రోత్సాహం లేనిదే ప్రజాసేవ సాధ్యం కాదు. లోపల ఒక పాటదారు, బయట ఒక పాటదారు. సైనికులు అటూ ఇటూ తిరుగుతూ, ఆయన ఇంత అంటున్నాడు, మీరెంత పెంచుతారని అడుగుతూ పాటను నడిపించారు. మామగారు తలా 20,000 దాకా వచ్చారు. అప్పుడు జూలియానస్ వందా రెండు వందలూ పెంచే చిల్లర పద్ధతిని పక్కనపెట్టి, ఒక్కసారిగా 5,000 పెంచి, గట్టిగా అరిచి, వినపడనివారి కోసం వేళ్ళతో కూడా చూపించాడు. మామగారికి గద్దె దక్కితే అల్లుడి చావుకు మీ మీద పగ తీర్చుకోడా అని కూడా హెచ్చరించాడు. తలా 25,000కు పాట ఖాయమైంది.

సరిహద్దుల్లో శత్రువుతో నిజంగా పోరాడే మామూలు సైనికుడికి ఆ రోజుల్లో ఏడాది జీతం 1,200 సెస్టర్సులు. అంటే అతడు 20 ఏళ్ళు చలిలో, బురదలో నిలబడి సంపాదించేది ప్రిటోరియన్ సైనికుడికి ఒక్క సాయంత్రం తలుపు తీసినందుకు ముట్టబోతున్నది. దీనిని అవినీతి అనడం తొందరపాటు. పోటీదారులిద్దరూ రోమ్‌లో అత్యున్నత అధికారి అయిన కాన్సల్ పదవి చేసినవారు గనుక అర్హతల విషయంలో లోటు లేదు. ధర అందరికీ వినపడింది. ఓడిన పాటదారుకు హాని చేయకూడదన్న షరతును సైనికులే పెట్టారు, గెలిచినవాడు ఒప్పుకున్నాడు. రోమన్ అధికార మార్పిడుల్లో ఇంత సంస్కారం అరుదు. మన పల్లెల్లో సర్పంచి పదవిని వేలం వేశారని పంచాయతీ ఎన్నికలప్పుడు పత్రికల్లో వచ్చే వార్తల్లో పాట డబ్బు రామాలయానికో ఊరి రోడ్డుకో పోతుందని చెబుతారు, రోమ్‌లో మధ్యలో దేవుడిని పెట్టుకోలేదు. లోపమల్లా ఒకటే. పాటదారుల నుంచి ముందుగా ధరావతు కట్టించుకోలేదు. అందువల్లనే జూలియానస్ డబ్బు చెల్లించలేకపోయాడని ఒక చరిత్రకారుడు, చెప్పిన దానికంటే ఎక్కువగా 30,000 ఇచ్చాడని మరొకరు రాసే పరిస్థితి వచ్చింది. రసీదు లేని లావాదేవీలన్నిటికీ ఉన్న ఇబ్బందే ఇది.

పవిత్రమైన రోమన్ రాజ్యాంగాన్ని ఈయన అంగట్లో పెట్టాడని అనేవారు, ఆ రాజ్యాంగం అంతకుముందు ఎక్కడ ఉండేదో చెప్పాలి. క్రీ.శ. 41లో క్లాడియస్ ఇదే దళానికి తలా 15,000 ఇచ్చి చక్రవర్తి అయ్యాడు. ఆయనను ఎవరూ పాటదారు అనలేదు. 68లో కొత్త చక్రవర్తి గాల్బా తరఫున తలా 30,000 ఇప్పిస్తానని ఒక సేనాధిపతి మాట ఇస్తే, నేను సైనికులను ఎంపిక చేసుకుంటానే గాని కొనుక్కోనని గాల్బా గంభీరంగా ప్రకటించాడు. 69 జనవరి 15న నడివీధిలో ఆయనను నరికేశారు. ఇంకా వెనక్కి, గణతంత్రపు స్వర్ణయుగంలోకి వెళదామంటే, అక్కడ ఓటర్లకు డబ్బు పంచడమే వృత్తిగా పెట్టుకున్నవారు ఉండేవారు. గెలిచాక చెల్లించేందుకు ఆ డబ్బును తన దగ్గర పెట్టుకునే నమ్మకస్తుడైన మధ్యవర్తి కూడా ఉండేవాడు. క్రీ.పూ. 54 ఎన్నికల్లో పంపకానికి అప్పులు ఎంతగా తీశారంటే, రోమ్ నగరంలో వడ్డీ ఏడాదికి 4 శాతం నుంచి 8 శాతానికి పెరిగింది. చట్టాలు లేవని ఎవరూ అనుకోకూడదు. క్రీ.పూ. 63లో కాన్సల్‌గా ఉన్న సిసిరో ఓట్లు కొన్నవారికి 10 ఏళ్ళ ప్రవాస శిక్ష విధించే చట్టాన్ని తన పేరు మీదనే తెచ్చాడు. అదే ఏడాది ఓట్లు కొన్నాడన్న అభియోగంపై కోర్టుకెక్కిన మురేనా తరఫున అదే సిసిరో వాదించి, నిర్దోషిగా విడిపించుకు వచ్చాడు. చట్టం రాసినవాడి కంటే అందులోని సందులు ఎవరికి బాగా తెలుస్తాయి?

వేలం జరిగిన రాత్రి సెనేట్ ప్రవర్తన కూడా ఆదర్శప్రాయమే. చరిత్ర రాసిన కాసియస్ డియో ఆ సభలో సభ్యుడు. ఇంట్లో దాక్కుంటే అనుమానిస్తారన్న భయంతో తామంతా స్నానాలు చేసి, భోజనాలు ముగించుకుని, సైనికులను తోసుకుంటూ సభకు వెళ్ళామని ఆయనే రాసుకున్నాడు. జూలియానస్ తాను ఒంటరిగా వచ్చానని సభకు మనవి చేశాడు. సభ చుట్టూ, సభ లోపల కూడా, ఆయుధాలు పట్టిన సైనికులు నిండి ఉన్నారు. సభ ఆయన ఒంటరితనాన్ని గుర్తించి, చక్రవర్తిగా ప్రకటించింది.

చిక్కంతా ప్రజలతోనే వచ్చింది. వారు రాళ్ళు రువ్వారు. జూలియానస్ వారికి కూడా డబ్బు ఇస్తానంటే, మాకు వద్దు, మేము తీసుకోమని అరిచారు. శతాబ్దాల ఎన్నికల అనుభవం ఉన్న రోమన్ పౌరులు చేతికందిన డబ్బును కాదనడం చరిత్రలో వివరణకు అందని ఘట్టాలలో ఒకటి. పైగా రథాల పందేల మైదానంలో గుమికూడి, సిరియాలో ఉన్న సేనాపతి నైజర్‌ను రమ్మని కేకలు వేశారు. నైజర్ కంటే ముందుగా, డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న సెప్టిమియస్ సెవెరస్ తన సైన్యంతో రోమ్ మీదికి బయలుదేరాడు.

జూలియానస్ చేసిన యుద్ధ సన్నాహాలను ఎగతాళి చేయడం డియోకు తగని పని. నౌకాదళం నుంచి రప్పించిన నావికులకు కవాతు రాకపోవడం వారి తప్పు కాదు. పోరాటానికి తెచ్చిన ఏనుగులు తమ మీద కట్టిన బురుజులను, ఎక్కినవారిని కూడా కింద పడేశాయి; ఆ రోజుల్లో సామ్రాజ్యంలో చక్రవర్తిని భరించడానికి బాహాటంగా నిరాకరించినది ఏనుగులొక్కటే. పెర్టినాక్స్ తలుపులు వేసుకుని ఉంటే బతికేవాడన్న అభిప్రాయంతో జూలియానస్ రాజభవనానికి కటకటాలు, గట్టి తలుపులు పెట్టించాడు. సెవెరస్‌ను దేశద్రోహిగా ప్రకటింపజేశాడు, అది పనిచేయకపోతే రాజ్యంలో భాగం ఇస్తానన్నాడు. చివరికి గద్దెనెక్కించిన సెనేటే ఆయనకు మరణశిక్ష వేసింది. తలుపులు గట్టివే గాని, కత్తి పట్టుకున్న సైనికుడు ఎప్పటిలాగే లోపలి నుంచే వచ్చాడు. నేనేం తప్పు చేశాను, ఎవరిని చంపాను అన్నవి ఆయన ఆఖరి మాటలు.

ఈ ప్రశ్నను రోమ్ సీరియస్‌గా తీసుకుని ఉండవలసింది. ఎందుకంటే ఆ తరువాత వచ్చిన సెవెరస్, పాట పాడకుండా గద్దెనెక్కిన గౌరవనీయుడు, సెనేటర్లెవరినీ చంపనని ప్రమాణం చేసి, ఆ మేరకు సభతో తీర్మానం కూడా చేయించాడు. ఆ తీర్మానాన్ని ప్రతిపాదించిన జూలియస్ సోలోన్‌ను కొద్దికాలానికే చంపించాడు. 197లో ప్రత్యర్థి అల్బినస్‌ను ఓడించాక 29 మంది సెనేటర్లకు మరణశిక్ష అమలు చేశాడు. ఆయన పేరిట రోమ్ నడిబొడ్డున ఉన్న సభాస్థలి ఫోరమ్‌లో విజయతోరణం నేటికీ నిలిచి ఉంది. జూలియానస్‌కు తోరణం లేదు.

వేలం నిర్వహించిన దళాన్ని మాత్రం సెవెరస్ మర్యాదగానే సాగనంపాడు. ఆయుధాలు లేకుండా రమ్మని పిలిచి, తన సైన్యంతో చుట్టుముట్టించి, రోమ్‌కు 100 మైళ్ళ లోపలికి రాకూడదని ఆజ్ఞాపించాడు. ఆ స్థానంలో తన సైనికులతో కొత్త ప్రిటోరియన్ దళాన్ని నియమించాడు. సైనికుల జీతాలు పెంచాడు. ఆ జీతాలకు సరిపడా నాణేలు కావాలి గనుక వెండి నాణెంలో వెండిని దాదాపు సగానికి దించాడు.

211లో బ్రిటన్‌లోని యార్క్‌లో మరణశయ్య మీద, మీరిద్దరూ కలిసిమెలిసి ఉండండి, సైనికులను ధనవంతులను చేయండి, మిగతావారిని లెక్కచేయకండి అని ఆయన కొడుకులకు ఉపదేశించాడు. ఏడాది తిరగకముందే పెద్దవాడు కారకల్లా తమ్ముడు గేటాను తల్లి ఒడిలోనే చంపించి, ఉపదేశంలోని రెండో భాగం అమలు కోసం నేరుగా ప్రిటోరియన్ శిబిరానికి పరుగెత్తాడు. జూలియానస్ బయట నిలబడి పాడిన ఆ శిబిరమే. తలా 10,000కు బేరం కుదిరింది. ఎదుటి పాటదారును ఇంటి దగ్గరే తొలగించి వచ్చాడు గనుక 25,000 దాకా పోవలసిన అవసరం రాలేదు.