ఐస్ పెట్టె గారికి అప్పగింతల లేఖ

మహారాజశ్రీ రక్తనమూనాల ఐస్ పెట్టె గారికి, హైదరాబాద్ నుంచి ఒక సామాన్యుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మీ క్షేమానికి లోటేముంటుంది లెండి! ఒంటినిండా థర్మాకోల్, కడుపులో డ్రై ఐస్, మైనస్ 78 డిగ్రీల్లో హాయిగా కునుకు. ఆఫ్రికాలో ఏ పల్లె ఆస్పత్రి నుంచి బయల్దేరినా మీ కథ మొదలయ్యేది ఒక్కలాగే. జ్వరంతో కాలిపోతున్న పిల్లాణ్ని తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. సూది కనబడగానే వాడు రాగం అందుకుంటాడు. నర్సు వాణ్ని బుజ్జగించి, చిన్న గొట్టంలోకి రక్తం తీసి, మార్కర్‌తో నంబరు వేసి మీకు అప్పగిస్తుంది. మూత పడుతుంది, టేపు చుడతారు, యూరప్‌కో అమెరికాకో విమానం ఎక్కేస్తారు. మా వైపు అప్పగింతలైన పిల్ల కనీసం ఆషాఢానికైనా పుట్టింటికొస్తుంది. మీకు ఆ ఆనవాయితీ కూడా లేదు.

మీ వీసా యోగమే వేరు. ఆ రక్తం తీయించిన ఆఫ్రికా పరిశోధకుడు దాని గురించి మాట్లాడ్డానికి బయల్దేరితే బ్యాంకు స్టేట్‌మెంట్ తెమ్మంటారు, తిరిగి వెళ్తావని గ్యారంటీ ఏంటంటారు. 2022లో మాంట్రియల్‌లో ఎయిడ్స్ మహాసభ పెడితే ఆఫ్రికా నుంచి వెళ్లాల్సిన ఎంతోమందికి వీసాలే రాలేదు. మీరైతే తిరిగి వెళ్లరని అందరికీ ముందే తెలుసు, అయినా ఎర్ర తివాచీ పరుస్తారు.

మీ వంశంలో ఒక పెద్దాయన ఉన్నారు, థర్మాస్ ఫ్లాస్క్ గారు. 1976లో కాంగోలోని యంబుకులో జనం వింత జ్వరంతో పోతుంటే, బెల్జియంలో పీహెచ్‌డీ చేసి స్వదేశానికి తిరిగొచ్చిన కాంగో డాక్టర్ ముయెంబే అక్కడికి వెళ్లారు. గ్లవ్స్ లేవు. ఒట్టి చేతులతోనే రక్తం తీశారు. సూది గుచ్చినచోట నెత్తురు కట్టకపోవడం చూసి అనుమానమొచ్చి, సబ్బుతో చేతులు కడుక్కున్నారు. ఆయన బతికి బయటపడటం మన అదృష్టం. జబ్బుపడిన ఒక నన్‌ను రాజధాని కిన్షాసాకు తీసుకొచ్చారు. ఆమె రక్తమే మీ పెద్దాయన కడుపులో కూర్చుని మామూలు ప్రయాణికుల విమానంలో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ చేరింది. దారిలో ఐసు కరిగింది, రెండు గొట్టాల్లో ఒకటి పగిలింది. కానీ పేరు మాత్రం చెక్కు చెదరకుండా చేరాల్సిన చోటికి చేరింది. ఆ జ్వరానికి కారణమైన ఎబోలా వైరస్‌ను కనిపెట్టినవాళ్లు ఎవరని అడిగితే చాలా ఏళ్లపాటు ఆంట్‌వెర్ప్ వైపు, అమెరికాలోని అట్లాంటా వైపే వేళ్లు చూపించారు. సొమ్మొకడిది, సోకొకడిది.

మాకిది కొత్తేమీ కాదులెండి. 1897 ఆగస్టు 20న మా సికింద్రాబాద్‌లోనే రోనాల్డ్ రాస్ గారు దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశారు. 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమల చేత కుట్టించుకున్న హుసేన్ ఖాన్‌కి దోమకి అణా చొప్పున ముట్టింది.

మీరు చేరాక, ఆ రక్తం మీద పరిశోధన పేపర్ అచ్చవుతుంది. అందులో ఆఫ్రికా వాళ్ల పేర్లు ఉండవని ఎవరన్నారు? ఉంటాయి, మధ్యలో. శుభలేఖ అడుగున ‘బంధుమిత్రుల అభినందనలతో’ అని ఉంటుందే, అలాగన్నమాట. పెళ్లికొడుకు ఎప్పుడూ మొదటి పేరే, పెద్దరికం చివరి పేరుది.

అయ్యో, ఆఫ్రికా వాళ్లకి శిక్షణ ఇస్తున్నాం కదా అంటారు మిమ్మల్ని రప్పించుకునేవాళ్లు. ఇస్తున్నారు, నిజమే. జెనీవాలో ఉష్ణమండల వ్యాధుల పరిశోధన, శిక్షణ కోసం టీడీఆర్ అనే కార్యక్రమం పుట్టింది 1975లో. మా ఊళ్లో డ్రైవింగ్ స్కూల్ వాడు నెల తిరిగేసరికి లైసెన్సు ఇప్పించేస్తాడు. ఈ శిక్షణలో యాభై ఏళ్లయినా కారుకి ఎల్ బోర్డు పీకలేదు, పక్క సీట్లోని సారు బ్రేకు మీద కాలు తీయలేదు. వర్క్‌షాప్, బ్యాగు, పెన్ను, గ్రూప్ ఫోటో, సర్టిఫికెట్. గొట్టం నింపడం, నంబరు వేయడం, మీకు టేపు చుట్టడం అన్నీ నేర్పుతారు. ఏ ప్రశ్న అడగాలో, డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో మాత్రం సిలబస్‌లో ఉండదు. 2023లో మలేరియాతో పోయిన 5,97,000 మందిలో నూటికి 95 మంది ఆఫ్రికా ప్రాంతం వాళ్లే. చావులు ఒకచోట, ఫ్రీజర్లు ఇంకోచోట అంటే ఇదే.

కానీ మీకో చేదు కబురు చెప్పాలి. కొందరు బ్రేకు మీది కాలు తొక్కి మరీ బండి నడిపేస్తున్నారు. మలేరియా మందు క్లోరోక్విన్ ఎందుకు పనిచేయడం లేదో పరాన్నజీవి జన్యువులో గుర్తుపట్టే దారి చూపిన 2001 నాటి పేపర్‌లో మొదటి పేరు మాలికి చెందిన అబ్దులాయ్ జిమ్‌దేది. బుర్కినా ఫాసోలోని నానోరోలో హలిదూ టింటో బృందం పరీక్షించిన ఆర్21 మలేరియా టీకాకు 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు వచ్చింది. 2015లో మొదలైన డెల్టాస్ ఆఫ్రికా అనే పరిశోధన, శిక్షణ పథకమైతే డబ్బునీ పెత్తనాన్నీ అక్కడి సంస్థల చేతుల్లోనే పెట్టింది. ఇక ముయెంబే గారు ఎబోలా నమూనాలు కాంగో దాటడానికి వీల్లేదని, చదవాలనుకున్నవాళ్లు అక్కడికే రావాలని పట్టుబట్టారు. 2019లో అచ్చయిన ఎబోలా మందుల పరీక్ష పేపర్‌లో పెళ్లికొడుకు స్థానం కాంగో డాక్టర్ సబూ ములాంగుకి దక్కింది.

అంచేత తమకు కిన్షాసాలో పని తగ్గేట్టుంది. బెంగ పడకండి. మా రామ్‌నగర్ చేపల మార్కెట్‌లో తమ సైజు పెట్టెలకు ఎప్పుడూ గిరాకీయే. కొర్రమీను, ఐసు, పైన గోనెపట్టా. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. తిరిగి రావడం కొంచెం ప్రాక్టీస్ చేసుకుని రండి, కావాలంటే రెండ్రోజుల వర్క్‌షాప్ పెట్టిస్తాను. సర్టిఫికెట్ కూడా ఇస్తాం.

ఇట్లు,
తమ విధేయుడు