ఆర్వీ సామాను కొనేముందు: కుర్చీలూ లైట్లూ తర్వాత, ముందు ఆ మూడు కనెక్షన్లు

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, అమెరికాలో మన వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకటే ప్రశ్న: "ఎల్లోస్టోన్‌కి ఆర్వీలో వెళ్తున్నాం, ఏమేం కొనాలి?" ఆర్వీ అంటే పడక, వంటగది, టాయిలెట్ ఉండే బండి. జవాబులూ ఏటా అవే. ఆనింగ్ (బండి పక్కకి విప్పే గుడ్డ పందిరి) కింద వేలాడదీసే లైట్లు, బయట పరుచుకునే చాప, మడత కుర్చీలు, గ్రిడిల్, స్పీకరు. ఉంటే బావుంటాయి, కాదనను. కానీ అదే జాబితాలో వాటర్ ప్రెషర్ రెగ్యులేటర్ ఎక్కడో అట్టడుగున ఉంటుంది, సర్జ్ ప్రొటెక్టర్ పక్కన "ఉంటే మంచిది" అని రాసుంటుంది. అది చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. కుర్చీ లేకపోతే మెట్టు మీద కూర్చోవచ్చు. రెగ్యులేటర్ లేకపోతే గోడ వెనకాల పైపు జాయింటు ఊడుతుంది, ఫ్లోరు మెత్తబడేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు.

క్యాంపుగ్రౌండుకీ మీ బండికీ మధ్య ఉండేవి మూడే లంకెలు: కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ. మీ దగ్గరున్న మొదటి 400, 500 డాలర్లు ఈ మూడింటి దగ్గరే ఖర్చు పెట్టండి. మిగతా సరదాలన్నీ ఆ తర్వాతే.

ముందు కరెంటు. చిన్న ట్రైలర్లకీ, అద్దెకిచ్చే క్లాస్ సీ బండ్లకీ (వ్యాన్ ముందుభాగం మీద కట్టిన మోటర్ ఇళ్ళు) మామూలుగా 30 ఆంపుల కనెక్షన్ ఉంటుంది. 120 వోల్టుల దగ్గర మొత్తం 3,600 వాట్లు, అంతే. పెద్ద బండ్ల 50 ఆంపుల కనెక్షన్‌లో రెండు లైన్లుంటాయి కాబట్టి 12,000 వాట్లు వస్తాయి. రెండింటికీ ఎంత తేడా ఉందో చూశారుగా. 30 ఆంపుల బండిలో ఏసీ ఒక్కటే 13, 14 ఆంపులు లాగుతుంది. వాటర్ హీటర్ ఎలక్ట్రిక్ మీద ఉంటే ఇంకో 12. ఆ టైములో ఎవరైనా 1,000 వాట్ల ఇన్‌స్టంట్ పాట్‌లో పప్పు పెట్టారంటే మరో 8. బ్రేకర్ పడుతుంది. పడటమే మంచిది, అది దాని పని. వంట మొదలుపెట్టేముందు వాటర్ హీటర్‌ని గ్యాస్ మీదకి మార్చండి, సగం గొడవలు అక్కడే తీరిపోతాయి. 50 ఆంపుల సాకెట్‌కి అడాప్టర్ తగిలిస్తే పవర్ ఎక్కువొస్తుందనేది భ్రమ. మీ బండి లోపలున్న మెయిన్ బ్రేకర్ 30 ఆంపులదే.

బ్రేకర్ పట్టుకోలేని ప్రమాదం లో వోల్టేజీ. జులై నాలుగో తేదీ మధ్యాహ్నం, పాత క్యాంపుగ్రౌండు, ప్రతి సైటులోనూ ఏసీ. వోల్టేజీ 104 కిందకి జారినా లోపలున్నవాళ్ళకి తెలియదు, ఫ్యాను కాస్త నెమ్మదిగా తిరిగినట్టుంటుంది. ఏసీ కంప్రెసర్ మాత్రం ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి కాలిపోవచ్చు. ఇండియాలో ఫ్రిజ్ వెనకాల స్టెబిలైజర్ పెట్టుకుని పెరిగినవాళ్ళం, మనకి ఇది ఒకరు చెప్పాలా? ఇక్కడ కొనాల్సింది ఈఎమ్మెస్ (ఎలక్ట్రికల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్) అనే పెట్టె. మామూలు సర్జ్ ప్రొటెక్టర్ ఉన్నట్టుండి ఎగదన్నే వోల్టేజీని ఆపుతుంది, లో వోల్టేజీని పట్టించుకోదు. ఈఎమ్మెస్ అయితే వోల్టేజీ 104 కిందకి పోయినా 132 దాటినా దానంతటదే లైన్ కట్ చేస్తుంది, వైరింగ్ తప్పుంటే అసలు కరెంటే లోపలికి రానివ్వదు. 50 ఆంపుల బండి ఉన్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. ఆ సాకెట్లో న్యూట్రల్ లూజయితే ఒక లైన్ వోల్టేజీ పడిపోయి రెండో లైన్ 200 దాటిపోవచ్చు, టీవీ, మైక్రోవేవ్, కన్వర్టర్ (బ్యాటరీని చార్జ్ చేసే పెట్టె) ఒకేసారి పోతాయి. ధర ఎక్కువే, 200 నుంచి 350 డాలర్ల దాకా. ఏసీ మార్చే ఖర్చు పక్కన పెట్టి చూసుకోండి.

ప్లగ్ పెట్టే పద్ధతి కూడా ముఖ్యం. పెడెస్టల్ (సైటులో సాకెట్లుండే స్తంభం) మూత తీసి సాకెట్ నోళ్ళు చూడండి. చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగినా, కరిగినట్టున్నా, ప్లగ్ వదులుగా ఊగుతున్నా అందులో పెట్టకండి, ఆఫీసుకెళ్ళి వేరే సైటు అడగండి. లూజు కాంటాక్టు దగ్గర వేడి పుట్టి మీ ప్లగ్ పిన్నులు కూడా మాడిపోతాయి. బాగుంటే ముందు బ్రేకర్ ఆఫ్, తర్వాత ఈఎమ్మెస్, తర్వాత మీ కేబుల్, చివర్లో బ్రేకర్ ఆన్. తీసేటప్పుడూ ముందు బ్రేకర్ ఆఫ్ చేయాల్సిందే.

సొంత ట్రైలర్ కొని ఇంట్లో సాకెట్ పెట్టించుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. 30 ఆంపుల ఆర్వీ సాకెట్ 120 వోల్టులది. చూడ్డానికి బట్టల డ్రయ్యర్ సాకెట్‌లా ఉండటంతో కొందరు ఎలక్ట్రీషియన్లు దానికి 240 ఇచ్చేస్తారు. ఆ ఒక్క తప్పుకి బండిలో సగం సామాను మాడిపోతుంది. మొదటిసారి ప్లగ్ పెట్టేముందు 20 డాలర్ల మల్టీమీటర్‌తో చూసుకోండి, 120 దగ్గర చూపించాలి.

ఇక నీళ్ళు. ఆర్వీ ప్లంబింగ్‌కి 40 నుంచి 50 పీఎస్ఐ (నీటి ఒత్తిడి కొలత) సరిపోతుంది, 60 దాటనివ్వకూడదు. కొన్ని క్యాంపుగ్రౌండుల్లో కుళాయి దగ్గరే 80, 100 ఉంటుంది, ముఖ్యంగా రాత్రిళ్ళు అందరూ వాడకం ఆపేశాక పెరుగుతుంది. పది పన్నెండు డాలర్లకి దొరికే గొట్టం లాంటి ఇత్తడి రెగ్యులేటర్ ప్రెషర్‌తో పాటు ధారని కూడా తగ్గించేస్తుంది, షవర్ చినుకుల్లా పడుతుంది. విసుగొచ్చి జనం దాన్ని పీకి పక్కన పెడతారు, అసలు సమస్య అక్కడే మొదలు. ఇంకో 30 డాలర్లు వేసి మీటరున్న అడ్జస్టబుల్ రెగ్యులేటర్, సీసం లేని ఇత్తడిది, కొనండి. లోపలి కుళాయిలన్నీ మూసేసి మీటరు 45, 50 మధ్య పెట్టండి. దాన్ని బండి వైపు కాదు, క్యాంపుగ్రౌండు కుళాయికే తగిలించాలి. లేకపోతే హోస్ మీద పూర్తి ప్రెషర్ పడి ఎండలో అదే పగులుతుంది.

తోటకి వాడే పచ్చ హోస్‌తో తాగే నీళ్ళు పట్టకండి. డ్రింకింగ్ వాటర్‌కని రాసున్న తెల్లది గానీ నీలంది గానీ, 25 అడుగులది, తీసుకోండి. హోస్ వాషర్లు ఒక ప్యాకెట్ జేబులో ఉంచుకోండి, సాయంత్రం చీకట్లో కారే జాయింటుకి మందు అదే. కుళాయి మూతికి కాస్త బ్లీచ్ కలిపిన నీళ్ళు కొట్టి తుడవండి, మీకంటే ముందున్నవాళ్ళు అక్కడ ఏ పైపు కడిగారో ఎవరికి తెలుసు? హోస్‌కి తగిలించే నీలం రంగు ఇన్‌లైన్ ఫిల్టర్ వాసన, క్లోరిన్ తగ్గిస్తుంది గానీ బ్యాక్టీరియాని చంపదు. పాత ట్రైలర్ కొంటే మంచినీళ్ళ ట్యాంకుని శుద్ధి చేయకుండా వాడొద్దు: ఫిల్టర్ కార్ట్‌రిడ్జ్ తీసేసి, ప్రతి 15 గ్యాలన్లకి పావు కప్పు వాసన కలపని బ్లీచ్ నీళ్ళలో కలిపి పోసి, పంపు వేసి ప్రతి కుళాయిలోనూ బ్లీచ్ వాసన వచ్చేదాకా వదిలి, నాలుగు గంటలు ఉంచి, ఆ వాసన పోయేదాకా కడగాలి. సైటు వదిలి ఊరు చూడ్డానికి వెళ్తుంటే బయట కుళాయి కట్టేయండి. ఎల్లోస్టోన్‌లో వేసవి రాత్రి కూడా ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయికి పడిపోవచ్చు, అలాంటప్పుడు పడుకోబోయేముందు హోస్ విప్పి నీళ్ళు దులిపేయండి.

డ్రైనేజీ గురించి మాట్లాడటానికి మనవాళ్ళు మొహమాటపడతారు. ఆ మొహమాటం వల్లే తప్పులు జరుగుతాయి. ఫుల్ హుకప్ (మూడు కనెక్షన్లూ ఉన్న) సైటు కదా అని బ్లాక్ ట్యాంక్ (టాయిలెట్ మురుగు ట్యాంక్) వాల్వ్ తెరిచి ఉంచేస్తారు. నీళ్ళు జారిపోతాయి, గట్టిది అడుగున పేరుకుని రాయిలా తయారవుతుంది. వాల్వ్ మూసే ఉంచండి, ట్యాంక్ మూడింట రెండొంతులు నిండాక ఒక్కసారి వదలండి. ఆ తర్వాత గ్రే ట్యాంక్ (సింకు, షవర్ నీళ్ళది), అదే సబ్బునీళ్ళతో పైపు కడుక్కుపోతుంది. టాయిలెట్‌లో నీళ్ళు వాడే మన అలవాటు ఇక్కడ నిజంగా మేలు చేస్తుంది, ట్యాంకులో ఎంత నీరుంటే అంత సాఫీగా ఖాళీ అవుతుంది. కాకపోతే త్వరగా నిండుతుంది, ట్యాంక్ ఎంత నిండిందో చూపే ప్యానెల్ లైట్లు రోజూ చూసుకోండి. వైప్స్ మాత్రం, ప్యాకెట్ మీద ఏం రాసున్నా, వేయొద్దు.

కొనాల్సినవి తక్కువే: 15 నుంచి 20 అడుగుల మంచి మందం సీవర్ హోస్, చివరన పారదర్శకమైన మోచేయి గొట్టం, ఒక పెట్టె నైట్రైల్ గ్లోవ్స్, హోస్ కింద వాలుగా పెట్టే సపోర్టు, కడగడానికి వేరే రంగు హోస్. ఆ మోచేయి పారదర్శకంగా ఎందుకంటే, లోపల తేట నీళ్ళు కనిపించేదాకా ట్యాంక్ శుభ్రం కాలేదని అర్థం. ఈ సామాను అంతా విడి డబ్బాలో పెట్టండి, తాగే నీళ్ళ హోస్ పక్కన ఎట్టి పరిస్థితుల్లోనూ కాదు. డంప్ స్టేషన్ (ట్యాంకులు ఖాళీ చేసే చోటు) దగ్గర రెండు కుళాయిలుంటాయి, తాగేది కాదని బోర్డున్నది కడగడానికి మాత్రమే.

మన వంట గ్రే ట్యాంకుకి పెద్ద పరీక్ష. గంజి, పప్పు, నూనె అన్నీ సింకులోంచి అందులోకే పోతాయి. రెండు రోజుల ఎండకి ఆ కంపు షవర్ డ్రెయిన్‌లోంచి పైకి తంతుంది, సెన్సార్ల మీద జిడ్డు పట్టి ఖాళీ ట్యాంక్ కూడా నిండినట్టు చూపిస్తుంది. సింకుకి సన్నటి జాలీ పెట్టండి, గిన్నెలు కడిగేముందు పేపర్ టవల్‌తో తుడిచి చెత్తబుట్టలో వేయండి.

వంట సామానులో ప్రెషర్ కుక్కర్ వదిలేసి వెళ్ళకండి. ఎల్లోస్టోన్ లేక్ 7,733 అడుగుల ఎత్తులో ఉంది, అక్కడ నీళ్ళు సుమారు 92 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి. మూత పెట్టిన గిన్నెలో కందిపప్పు గంటసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ కూడా దాదాపు 7,000 అడుగులు. ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీ పనికిరాదు, అమెరికా కరెంటుకి (110-120 వోల్టులు) చేసింది కావాలి. పోపు, వేపుళ్ళు బయట పెట్టుకోండి, లోపల మిరపకాయ వేగితే పొగ అలారం ఖాయం. ఆ మోతకి విసిగి దాని బ్యాటరీ పీకేయడం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే. బయట వండితే పొయ్యి, గిన్నెలు, చెత్త అన్నీ వెంటనే లోపల పెట్టేయాలి, ఎలుగుబంట్లున్న పార్కుల్లో అది నిబంధన.

పార్కు ఏదన్నదాన్ని బట్టి కూడా సామాను మారుతుంది. ఎల్లోస్టోన్ లోపల కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ మూడూ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. గ్రాండ్ కాన్యన్‌లో ట్రైలర్ విలేజ్‌లో ఉన్నాయి, పక్కనున్న మేథర్ క్యాంపుగ్రౌండులో లేవు. యోసెమైటీ క్యాంపుగ్రౌండుల్లో ఎక్కడా లేవు, జనరేటర్ కూడా ఉదయం 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7 వరకే. అలాంటిచోట ఈఎమ్మెస్ పెట్టెలోనే ఉంటుంది, బ్యాటరీయే దిక్కు. గ్యాస్ హీటర్‌కి కూడా ఫ్యాను తిరగడానికి బ్యాటరీ కావాలన్న సంగతి చాలామందికి తెల్లవారుజామున చలిలో తెలుస్తుంది. 100 ఆంప్-అవర్ల (ఆంపులని గంటలతో గుణిస్తే వచ్చే కొలత) మామూలు లెడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి. ఆ ఫ్యాను 7 ఆంపులు లాగుతూ రాత్రంతా సగం సేపు తిరిగినా దాదాపు 28 ఆంప్-అవర్లు పోతాయి. లైట్లు, ఫోన్లు, వాటర్ పంపు కలిపితే ఒక రాత్రికి సరి. సొంత బండి అయితే లిథియం బ్యాటరీ పెట్టుబడికి విలువుంది. అద్దె బండిలో జనరేటర్ బండి పెట్రోలే తాగుతుంది, ట్యాంక్ పావుకి దిగగానే ఆగిపోతుంది, మిమ్మల్ని తిరిగి వెళ్ళనివ్వడానికే ఆ ఏర్పాటు.

ట్రైలర్ లాగేవాళ్ళకి టైరు గాలి కొలిచే గేజ్, వీల్ చాక్స్ (చక్రాల కింద పెట్టే అడ్డుకట్టలు), లెవెలింగ్ దిమ్మెలు, టార్క్ రెంచ్ (నట్లని సరైన బిగువుకి బిగించే పానా) తప్పనిసరి. వీల్ నట్లు బిగించాక 50 నుంచి 100 మైళ్ళలో మళ్ళీ చూడాలి. టైరు గోడ మీద డాట్ కోడ్ చివర నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. గీతలు కొత్తగా ఉన్నా ఆరేళ్ళు దాటితే మార్చేయండి. ముందు పక్కలు సమం చేసి, చాక్స్ పెట్టి, ఆ తర్వాతే ట్రక్ నుంచి విప్పాలి. మూలల్లో ఉండే స్టెబిలైజర్ జాక్‌లతో బండిని పైకెత్తకండి, అవి ఊగకుండా ఆపడానికే. గ్యాస్ మీద నడిచే పాత రకం ఫ్రిజ్, బండి వాలుగా నిలబడి ఉండగా ఎక్కువసేపు పనిచేస్తే లోపలి ద్రవం ఒకచోట నిలిచి పాడవుతుంది. కొత్త 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌లకి ఆ బాధ తక్కువ. బరువు కూడా లెక్కేసుకోండి, గ్యాలన్ నీళ్ళు 8.34 పౌండ్లు, 40 గ్యాలన్ల ట్యాంక్ నింపితే 330 పౌండ్లు పైమాటే. తలుపు పక్కన అంటించిన పసుపు స్టిక్కర్‌లో ఎంత సామాను మోయగలదో ఉంటుంది, ముందు అది చదవండి.

అద్దెకు తీసుకునేవాళ్ళు తాళాలు పుచ్చుకునేముందు ఇవి అడగండి: నీళ్ళ హోస్, సీవర్ హోస్ ఇస్తున్నారా, పగుళ్ళున్నాయా? ప్రెషర్ రెగ్యులేటర్ ఉందా? 30 నుంచి 50 అడాప్టర్ ఉందా? బ్లాక్ ట్యాంక్ ఖాళీయేనా? ఇవి వాళ్ళ ముందే చూడండి, ఫోన్‌లో వీడియో తీయండి. తర్వాత కిందకి వంగి నేలకి కాస్త పైన గోడకుండే గ్యాస్ అలారం చూడండి, దాని మీద గడువు తేదీ ఉంటుంది. గ్యాస్, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు కరెంటున్నా గడువు దాటితే నమ్మదగినవి కావు. గడువైపోతే మార్చి ఇమ్మని అడగండి, కుదరదంటే ఆ బండి తీసుకోకండి.